నేను ఫోటో తీయని పెంకులు

ముప్ఫై మూడేళ్ల ఉద్యోగంలో నేను చేసిందల్లా చీకటి గదిలో కూర్చుని వైరస్‌లకు ఫోటోలు తీయడం. ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడిపేవాణ్ణి. పెళ్లిళ్లలో ఎవరైనా "మీ ఆయన అక్కడ ఏం చేస్తారండీ?" అని అడిగితే మా ఆవిడ సత్యవతి "పురుగులకి పాస్‌పోర్టు ఫోటోలు తీస్తారు" అనేది. నేను ఉడుక్కునేవాణ్ణి గానీ అంతకంటే బాగా నాకూ చెప్పడం రాదు. మా దగ్గరా ముఖం తిన్నగా, మచ్చ లేకుండా పడాల్సిందే.

రిటైరయ్యాక జనక్‌పురిలో ఇంట్లో కూర్చోలేక గ్రేటర్ నోయిడాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీకి వారానికి రెండు రోజులు వెళ్తున్నాను. కొత్త మైక్రోస్కోపు మీద పిల్లలకు తర్ఫీదు ఇవ్వడం పని. వాళ్లలో ఇద్దరు తెలుగు పిల్లలున్నారు. "అంకుల్, మీ అనుభవాలు రాసివ్వండి" అని వాళ్లు అడిగారు. మెషీన్ ఎలా నడపాలో మాన్యువల్లో ఉంది కనక అది రాయను. ప్రమోషన్ల సంగతీ రాయను. అవి రావాల్సినప్పుడు రాలేదు, వచ్చాక వాటితో పని లేకపోయింది. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అది ఈ పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చేయగలిగిన తప్పు.

పని అంటే ఇదీ

వైరస్ అనగానే భయపడకండి. మేం పని చేసింది మొక్కలకు పట్టే వైరస్ మీద. మనిషిని అదేం చేయదు. లోపల జన్యుపదార్థం, చుట్టూ ప్రోటీన్ పెంకు, అంతే దాని సంసారం. తలవెంట్రుక మందాన్ని రెండు మూడు వేల వంతులు చేస్తే ఒక వంతు ఉంటుంది ఒక్కో పెంకు. ఆ పెంకులో అచ్చంగా ఒకేరకం ముక్కలు నూట ఎనభై. జతలు జతలుగా, అంటే తొంభై జతలుగా వచ్చి అతుక్కుంటాయి.

వింత ఏమిటంటే వాటిని అతికించేవాడు ఎవడూ లేడు. పెంకుని విడగొట్టి, ముక్కల్ని శుభ్రం చేసి, గాజు గొట్టంలో నీళ్లలో వదిలి, ఉప్పూ పులుపూ సరిపెడితే చాలు. ముక్కలు నీళ్లలో కొట్టుమిట్టాడుతూ, ఒకదాన్నొకటి తగులుతూ, కాసేపటికి మళ్లీ గుండ్రటి పెంకులైపోతాయి. మేస్త్రీ లేడు, ప్లాను కాగితం లేదు. ఇందులో ప్రాణం ప్రసక్తే లేదు, ఒట్టి భౌతికశాస్త్రం. మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ ఆశ్చర్యం ఇన్నేళ్లలో వీసమెత్తు తగ్గలేదు.

ఆ నీటిబొట్టుని మిరపగింజంత రాగి జల్లెడ మీద వేసి, యురేనియం ఉప్పు ద్రావణంతో తడిపి, ఆరనిచ్చి, మైక్రోస్కోపులోకి ఎక్కించడం నా వంతు. ఆ జల్లెడని గ్రిడ్ అంటాం. నల్లటి నేల మీద తెల్లటి పెంకులు కనిపిస్తాయి. గ్రిడ్‌లో వందల గళ్లుంటాయి. ఏ గడిలో ఆగాలో, ఎక్కడ ఫోటో తీయాలో చెప్పేవాడు ఉండడు. అది పూర్తిగా ఆపరేటర్ ఇష్టం.

మాథుర్ సాబ్

మా ల్యాబ్ పెద్ద మాథుర్ సాబ్. పొడుగాటి మనిషి, కోపిష్ఠి, మాట కటువు. నేను చేరిన మొదటి ఏడాది రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు బొమ్మలు వణికేవి. సాబ్ కంపెనీ ఇంజనీరుని పిలిపించి అందరి ముందూ చెడామడా తిట్టారు. ఆ కుర్ర ఇంజనీరు తిట్లు తిని, మూడు రోజులు గోడ పక్కన స్టూలేసుకుని కూర్చుని, చివరికి కనిపెట్టాడు. గోడ అవతల లిఫ్టు ఉంది. భోజనం వేళకి జనమంతా దాంట్లో క్యాంటీన్‌కి దిగుతారు. లిఫ్టు మోటారు తిరిగినప్పుడల్లా మా ఎలక్ట్రాన్లు దారి తప్పుతున్నాయి.

సాబ్ ఆ ఇంజనీరుని మళ్లీ అందరి ముందూ పిలిచి "గలతీ మేరీ థీ" అన్నారు. తప్పు నాది అని. టీ తెప్పించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెద్దవాడు తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేసినదానికి "సాబ్ వినే రకం కాదు" అనే సాకు నాకు లేదు. రుజువు చూపిస్తే ఆయన వినేవారు.

ఆయనకున్న బలహీనతల్లా బొమ్మల అందమే. "సుందర్ చాహియే, మూర్తి జీ" అనేవారు, అందంగా ఉండాలని. ఫిల్ము రోజులు అవి. ఒకసారి లోపల పెట్టిన ఫిల్ములు అయిపోతే మెషీన్ తెరిచి మళ్లీ సర్దుకోవడానికి పూట పడుతుంది. అందుకని మంచి చోటు దొరికేదాకా మీట నొక్కేవాణ్ణి కాదు. సగం పెంకులో, నోరు తెరుచుకున్న పెంకులో కనబడితే గడి మార్చేసేవాణ్ణి. మొదట పొదుపు కోసం చేశాను. పోనుపోను అది చేతికి అలవాటైపోయింది. విరిగినవి కంటబడటం ఆలస్యం, నేను అనుకునేలోపే చెయ్యి గ్రిడ్‌ని జరిపే గుబ్బ తిప్పేసేది. నా బొమ్మలు పత్రికల అట్టల మీదికి ఎక్కాయి. వేరే ల్యాబుల వాళ్లు "మూర్తి జీ చేతి ఫోటో కావాలి" అని వరసలో నిలబడేవాళ్లు. నాకు ఎంత గర్వమంటే, మా ఆవిడ గారెలు బాగా వచ్చాయని ఎవరన్నా మెచ్చుకుంటే నా బొమ్మల మాటెత్తేవాణ్ణి.

అప్పటికీ పొరపాటున విరిగినవి ఫోటోలో పడేవి. డార్క్ రూములో కడిగాక బయటపడేది. అలాంటి నెగెటివ్లను "ఖరాబ్" అని రాసిన అట్టపెట్టెల్లో పడేసేవాణ్ణి. ప్రతి నెగెటివ్ మూలన సూదితో గీసిన నంబరు ఉంటుంది. ఆ నంబరు రిజిస్టర్లో చూస్తే అది ఏ ఉప్పులో, ఏ పులుపులో చేసిన సరుకో తెలుస్తుంది. ఇరవై ఏళ్లకు మూడు పెట్టెలు నిండాయి.

స్వప్న

స్వప్నది జగిత్యాల. పీహెచ్‌డీకి వచ్చి కట్వారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉండేది. మా ల్యాబ్ ఉన్న అంతస్తులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేది. సత్యవతికి ఆ పిల్లంటే ప్రాణం. ఆవకాయలో వెల్లుల్లి తక్కువైందని మొహమాటం లేకుండా చెప్పిన ఏకైక అతిథి అని మురిసిపోయేది.

ఒక జూన్‌లో ల్యాబ్‌లో స్వప్న వాళ్లు పనిచేసే గదిలో ఏసీ పోయింది. ఢిల్లీ జూన్ సంగతి తెలుసుగా, ముక్కలున్న గాజు గొట్టంలో నీళ్లు కూడా వేడెక్కిపోయాయి. ఆ సరుకునే గ్రిడ్ మీద వేసి తెచ్చింది. చూస్తే సగానికి సగం అరకొర పెంకులు. పగిలిన కొబ్బరి చిప్పల్లా పడున్నాయి.

"ఇది పారేసి కొత్తది చేసుకోమ్మా, ఏసీ పోయిందిగా" అన్నాను.

"ఆగున్రి సార్. గవి ఖరాబ్ కాలే. మధ్యల ఇరుక్కున్నయి" అంది.

"ఎక్కడ ఇరుక్కున్నాయి?"

"మనం హైదరాబాద్ రైలు ఎక్కుతం గద సార్, జనరల్ డబ్బాల. ముందుగాల ఎవలకు యాడ దొరికితే ఆడ కూసుంటరు. తర్వాత జరగున్రి, లేవున్రి అనుకుంట ఇంటోళ్లంత ఒక్కతాన చేరుతరు. కూసున్నోడు లేవనే లేవనంటే ఏమైతది?"

"ఎక్కడివాళ్లు అక్కడే."

"గంతే సార్. అతుకు మరీ గట్టిగుంటే తప్పు దిద్దుకునే సందే ఉండది."

ఇరవై ఏళ్లుగా పెంకులు చూస్తున్న నాకు ఆ మాట అంతవరకు తట్టలేదు. గట్టిగా అతుక్కుంటేనే మంచి పెంకు అనుకునేవాణ్ణి. అసలు కిటుకు ఆ అతుకులు బలహీనంగా ఉండటంలోనే ఉంది. ముక్క వచ్చి అంటుకుంటుంది, సరిగ్గా కుదరకపోతే ఊడిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. వేడి పెరిగినా ఉప్పు పెరిగినా మా ముక్కల మధ్య పట్టు పెరుగుతుంది. అప్పుడు తప్పుగా అంటుకున్నది ఊడదు. పైగా ఎక్కడపడితే అక్కడ పెంకులు మొదలైపోయి, పూర్తి చేయడానికి ముక్కలు మిగలవు. ఇవాళ ఈ రంగంలో అందరూ ఒప్పుకునే సంగతే ఇది. అప్పట్లో బయట కొందరు లెక్కలు వేసి అంటున్నారు గానీ, మా ల్యాబ్‌లో ఆ మాట ఎత్తినవాళ్లు లేరు.

స్వప్న అక్కడితో ఆగలేదు. ఏసీ ఉన్నా లేకపోయినా, మన మంచి సరుకులోనూ ఇరుక్కున్నవి ఎప్పుడూ ఉంటాయని, ఉప్పు పెంచినకొద్దీ అవి పెరుగుతాయని దాని అనుమానం. "సార్, మీరు ఏరకున్రి. ముందే అనుకున్న గళ్లల్ల, ఏది పడితే గదే తీయున్రి" అని బతిమాలింది. సణుక్కుంటూనే రెండు వారాలు అలా తీశాను. ప్రతి ఫోటోలోనూ విరిగినవి ఉన్నాయి. కొత్తగా వచ్చినవేం కావు, నేను రోజూ గుబ్బ తిప్పి తప్పించుకున్నవే.

ఆ మీటింగు

సోమవారం మీటింగులో స్వప్న ఆ ఫోటోలు పెట్టింది. థీసిస్‌లో అదొక అధ్యాయం అవుతుందని చెప్పింది. మాథుర్ సాబ్ కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. "ఇవి గ్రిడ్ మీద ఆరేటప్పుడు విరిగినవి" అన్నారు. స్వప్న కాదంది. సాబ్ నా వైపు తిరిగారు.

"మూర్తి జీ ఇరవై ఏళ్లుగా చూస్తున్నారు. ఆప్ బతాయియే, మీరే చెప్పండి. మన మామూలు సరుకులో ఇలాంటివి చూశారా?"

గదిలో పది మంది ఉన్నారు. ఔను సర్, రోజూ చూశాను అంటే సరిపోయేది.

"చాలా అరుదు సర్," అన్నాను. "ఆరేటప్పుడు కొన్ని విరుగుతుంటాయి."

ఆరేటప్పుడు కొన్ని విరగడం నిజమే. అందుకే అది అంత చెడ్డ అబద్ధం అయింది. పూర్తి అబద్ధాన్ని ఎవరైనా పట్టుకుంటారు. పనివాడు తన పనిలోని నిజాన్ని అడ్డం పెట్టుకుని ఆడే అబద్ధాన్ని పట్టుకోవడం కష్టం. ఉద్యోగం పోతుందని భయపడ్డానా అంటే లేదు. నా బొమ్మలన్నీ ఏరిన బొమ్మలని తేలిపోతుందని భయం. అట్టల మీదికెక్కినవన్నీ నేను చూపించదల్చుకున్నవే తప్ప ఉన్నవి కావని అందరికీ తెలుస్తుంది. ఆ కాస్త గొప్ప కోసం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

స్వప్న నా మీద కోపపడుతుందనుకున్నాను. కోపపడలేదు. నా మాట నమ్మింది. ఇప్పటికీ నన్ను తినేసేది అదే. తన కళ్లతో చూసినదాన్ని పక్కనబెట్టి నా అనుభవాన్ని నమ్మింది.

మూడు పెట్టెలు

మర్నాడు డార్క్ రూముకి వచ్చింది. "సార్, మీరు అరుదంటున్నరంటే నా ఫోటోలల్ల ఏమన్న తేడా ఉన్నదేమో. పాతయి ఖరాబైన నెగెటివ్లు ఉంటే ఇయ్యున్రి. రిజిస్టర్ తోటి కలిపి చూస్త. ఉప్పు తోటి పెరుగుతుంటే నాది కరెక్టు. పెరగకపోతే గవి ఎండంగ ఇరిగినయే, ఇడిసిపెడ్త" అంది.

చూడండి, ఎంత న్యాయమైన మాటో. తనది తప్పని తేలినా సరే అని వచ్చింది. మూడు పెట్టెలూ అది నిలబడ్డచోటికి సరిగ్గా పైన, సింకు మీది అలమరలో ఉన్నాయి. ఎర్ర బల్బు వెలుతురులో పెట్టెల మీది అక్షరాలు కనబడవు.

"అవి ఎప్పుడో పారేశామమ్మా," అన్నాను.

"అయ్యో" అని వెళ్లిపోయింది.

ఆ శనివారం ల్యాబ్‌కి సెలవు. నేనొక్కణ్ణే వెళ్లి, మూడు పెట్టెలూ దించి, వెనక గేటు దగ్గర పాతసామాన్లు కొనే కబాడీవాలా బండిలో వేశాను. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసి ఇంటికొచ్చాను. మీటింగులో అన్న మాట ఒక క్షణం పిరికితనం అని సర్దిచెప్పుకోవచ్చు. ఇది అలా కాదు. మంగళవారం నుంచి శనివారం దాకా ఆలోచించి చేసిన పని. నా ఉద్యోగంలో నిజమైన నేరం అంటూ ఉంటే అదే.

సాబ్ తప్పు ఏమీ లేదా? ఉంది. పై అధికారి పది మందిలో కిందివాణ్ణి అలా అడిగితే ఆయనకి కావలసిన జవాబు ఆ ప్రశ్నలోనే ఉంటుంది. కానీ నేను ఆ మధ్యాహ్నం ఆయన గదికి వెళ్లి ఆ పెట్టెలు బల్ల మీద పెట్టుంటే, ఇంజనీరుకి తెప్పించినట్టే టీ తెప్పించేవారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

తర్వాత

అధ్యాయం తీసేశారు. మిగతా థీసిస్ నున్నగా, గుండ్రటి పెంకుల బొమ్మలతో పూర్తయింది. అన్నీ నేను ఏరి తీసినవే. ముందు పేజీలో "చూడటం నేర్పిన మూర్తి గారికి" అని రాసింది. నేను ఆ పేజీ దాటి ఆ పుస్తకం తెరవలేదు.

డిగ్రీ వచ్చాక పై చదువులకి బయటికి ఎందుకు దరఖాస్తు చేయలేదని సత్యవతి అడిగింది. మా ఇంట్లో, భోజనం దగ్గర. స్వప్న నవ్వుతూనే చెప్పింది. "నాకు చూసుడు రాదని తెల్సిపాయె ఆంటీ. ఒకటి చూసి ఇంకోటి అనుకుంట." నేను పెరుగు కలుపుకుంటున్నాను. కలుపుతూనే ఉన్నాను. నెల తిరక్కుండా నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. పెళ్లయింది, పిల్ల పుట్టింది. పండగలకి ఫోన్లు చేసేది, క్రమంగా అవీ తగ్గాయి.

మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. పని సంగతి ఒక్కటి చెప్తాను. మీకు నచ్చనిది తెర మీద కనబడి చెయ్యి గుబ్బ మీదికి పోయినప్పుడు, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకోండి. అక్కడే ఫోటో తీయండి. అందమైనవి తర్వాత ఎలాగూ తీస్తారు.

నోయిడాకి

కిందటి నెల గ్రేటర్ నోయిడాలో ఒక అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇప్పుడు పెంకులు ఏరే పని కంప్యూటరే చేస్తుంది. బాగున్నవి ఒక ఫోల్డర్లోకి, బాగాలేనివి "జంక్" అనే ఫోల్డర్లోకి పోతాయి. ఆ అమ్మాయి జంక్ మీద డిలీట్ నొక్కబోయింది. "ఆగు!" అని అరిచాను. గదిలో అందరూ తిరిగి చూశారు. "క్యా హువా సర్?" అంది ఆ పిల్ల బెదిరిపోయి. క్లాసు మధ్యలో ఆపేసి ఇంటికి వచ్చేశాను.

సత్యవతికి ఆ రోజే మొదటిసారి అంతా చెప్పాను. అది చివరిదాకా విని, కోస్తున్న కూరగాయలు పక్కన పెట్టింది. తర్వాత "ఆ పిల్లకి నా చేత్తో అన్నం పెట్టాను. మీరు పక్కనే కూర్చుని తిన్నారు" అంది. ఇంకాసేపటికి "నాకు చెప్తే ఏం లాభం? వెళ్లి దానికి చెప్పండి" అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అన్నాను. "ఆకులు మీకోసం కాదు" అంది.

ఆ ఆదివారం జనక్‌పురిలో మెట్రో ఎక్కి నోయిడా వెళ్లాను. సొసైటీ గేటు దగ్గర గార్డు పేరు రాసుకుని పంపాడు. తలుపు తీసింది స్వప్న కూతురు. పదిహేనేళ్లుంటాయి. "మమ్మీ, కోయీ అంకుల్ ఆయే హై" అని లోపలికి కేకేసింది. స్వప్న వచ్చింది. జుట్టు కొంచెం నెరిసింది. "సార్! ఆంటీ ఏది? ఒక్కలే వచ్చిన్రా?" అని సంబరపడిపోయింది. ఆ సంబరం చూశాక చెప్పకుండా లేచిపోదామనిపించింది. టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

చెప్పాను. రోజూ చూశానని చెప్పాను. మీటింగులో అన్నది అబద్ధమని చెప్పాను. పెట్టెలు ఆ రోజు నీ తలకి పైన అలమరలోనే ఉన్నాయి, శనివారం నేనే కబాడీకి వేశాను అన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ బరువు కూడా దాని మీదే పడుతుంది.

స్వప్న ఏడుస్తుందేమో, వెళ్లిపొమ్మంటుందేమో అని ఎదురుచూశాను. ఎందుకు చేశారని అడుగుతుందనుకున్నాను. దానికి జవాబు దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాను. అది ముందుకు వంగి, ఇరవై ఏళ్ల కిందట మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పటి గొంతుతో అడిగింది.

"మామూలు ఉప్పుల సార్, ఏసీ మంచిగున్నప్పుడు. వందకు ఎన్ని ఇరుక్కున్నయి ఉంటుండె?"

నేను టీ కప్పు బల్ల మీద పెట్టాను.

"అందాజుకన్న చెప్పున్రి సార్. పదా? నలభయ్యా?"

ఇరవై అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పుంటే ఆ మొహంలో కొంచెం వెలుగు వచ్చేదేమో. చెప్పలేకపోయాను.

"తెలీదమ్మా," అన్నాను. "నేనెప్పుడూ వాటిని లెక్కపెట్టలేదు. కనబడగానే జరిపేసేవాణ్ణి."

స్వప్న వెనక్కి ఆనుకుంది.

"అంటే ఇగ ఎవ్వలకీ తెల్వదన్నట్టు," అంది.